లింగాలగట్టు ఘాట్‌లో నేనెక్కని మలుపులు

శ్రీశైలం దారిని మా పాతబస్తీ వాళ్ళం సగం నిద్రలోనే చూస్తాం. చాంద్రాయణగుట్ట దాటగానే బస్సు కిటికీకి తల ఆనిస్తే, దోమలపెంట ఘాట్‌లో ఎవరో వాంతి చేసుకుంటున్నప్పుడు మళ్ళీ మెలకువ వస్తుంది. మధ్యలో ఏ ఊరుంది, ఏ వాగుంది అంటే చెప్పలేం. నేనూ ఎన్నోసార్లు అలాగే వెళ్ళి వచ్చాను. పోయిన డిసెంబరులో మాత్రం ఆ దారంతా కళ్ళు తెరుచుకుని చూశాను, సైకిల్ మీద. నాకు అరవై అయిదేళ్ళు. నా భార్య అండాలుకు అరవై ఒకటి. ఇద్దరం పక్కపక్కనే వెళ్ళామని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ దారిలో ఎక్కువ భాగం ఆమె నా వెనకే ఉంది.

గౌలిపురా

ఈ యాత్ర కోరిక నాది కాదు, ఆమెది. అండాలు పెళ్ళయిన కొత్తలోనే ఇంట్లో కుట్టుమిషన్ పెట్టింది. పత్తర్‌గట్టి దుకాణాల వాళ్ళు పంపే జాకెట్లు, లంగాలు మా ముందు గదిలోనే తయారయ్యేవి. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆమె పనికి రిటైర్మెంటు లేదు. అలాంటి మనిషి ఒక రోజు అన్నం వడ్డిస్తూ, ఎదురింటి సబిహా దగ్గర సైకిల్ నేర్చుకుంటానని చెప్పింది. సబిహా బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు.

"పడి తుంటి ఇరగ్గొట్టుకుంటే నేను మొయ్య" అన్నాను.

సబిహా అప్పటికే మా గుమ్మంలో నిలబడి ఉంది. "ఫికర్ నక్కో కరో అంకుల్. మీరు మొయ్యకుర్రి. పడితే లేపనీకి నేనున్న" అంది.

అండాలు పంజాబీ డ్రెస్ వేసుకుని తెల్లవారకముందే బడి మైదానానికి పోయేది. మోకాళ్ళు గీసుకుని వచ్చి, పసుపు రాసుకుని, మిషన్ ముందు కూర్చునేది. గల్లీలో నవ్విన వాళ్ళలో నేను మొదటివాణ్ణి. ఆమె రెండేళ్ళలో ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళి రావడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"చార్మినార్ కాడ ఎక్కుత. శ్రీశైలంల దిగుత. అలిసిపోతే కూసుంట, లేకుంటే నెట్టుకుంట నడుస్త. గని ఇంకో బండి ఎక్క. జరంత దూరం గూడ ఎక్క."

"ఎందుకు గిదంత?" అన్నాను.

"ఇన్నేండ్లు తొక్కిన మిషన్ ఉన్న కాడినే ఉన్నది. ఇగ కదిలే దాన్ని తొక్కుత."

నేను తోడు వెళ్ళడానికి గొప్ప కారణమేమీ లేదు. ఒక్కదాన్ని పంపిస్తే చుట్టాలు ఏమంటారో, పంపకపోతే సబిహా ఏమంటుందోనని బయలుదేరాను. కోఠిలో గేర్ల సైకిల్ కొని, ఆమె సంవత్సరాల పాటు చేసిన సాధన నేను రెండు నెలల్లో చేశాననుకున్నాను.

పహాడీషరీఫ్ దాటి

చార్మినార్ కింద సబిహా ఫోటో తీసింది. సబిహా అత్తగారు మలీద ముద్దలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. రొట్టెలు నలిపి, బెల్లం నెయ్యి కలిపి కట్టిన ముద్దలవి. ఒకటి తింటే చాలా దూరం ఆకలి గుర్తు రాదు.

పహాడీషరీఫ్ గుట్ట కింద చాయ్‌కి ఆగాం. చాయ్‌వాలా మా హెల్మెట్లు, మా తెల్ల వెంట్రుకలు మార్చి మార్చి చూశాడు.

"బాపూ, డాక్టర్ చెప్పిండా? షుగరా, బీపీనా?"

అండాలు సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ అంది: "డాక్టర్ చెప్తే గోలీలు మింగుతం గని శ్రీశైలం పోతమా తమ్మీ?"

ఆయన నవ్వి నవ్వి, దారిలో తినమని ఉస్మానియా బిస్కట్లు నాలుగు కాగితంలో చుట్టిచ్చాడు. పైసలు తీసుకోలేదు. ఇలాంటి మనుషులు ఆ దారి పొడవునా తగిలారు. బస్సులో వెళ్ళినన్ని సార్లూ వాళ్ళను దాటేసి పోయానన్నమాట.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. పత్తర్‌గట్టి జనంలో నడిచేటప్పుడు నేను ముందు నడుస్తాను. తోపుడు బండ్లను, మోటారు సైకిళ్ళను తప్పిస్తూ దారి చేస్తాను. ఆమె నా చొక్కా చూసుకుంటూ వెనక వస్తుంది. మా నాన్న అలాగే నడిచేవాడు. గల్లీలో మగవాళ్ళంతా అలాగే నడుస్తారు. వెనక్కి తిరిగి చూసే పని ఉండదు. హైవే మీద దారి చెయ్యడానికి జనం ఎవరూ లేరు. అయినా నేను ముందే ఉన్నాను.

కడ్తాల్ దాటాక ఒక హోటల్ దగ్గర ఆగి, చాయ్ తాగి, పేపర్ మొత్తం చదివేశాను. అండాలు రాలేదు. లేచి వెతకడానికి సిగ్గేసి, పేపర్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. చివరికి వచ్చింది. రెండు చేతుల నిండా నల్లటి గ్రీజు.

"చైన్ ఊడింది" అంది.

"ఫోన్ చెయ్యొద్దా?"

"చేసిన. మీరు ఎత్తలె. గొర్లకాడి తాత వచ్చి సైకిల్ ఎత్తి పట్టుకున్నడు, నేను ఎక్కించుకున్న. 'నీ పెనిమిటి ఏడి బిడ్డా' అన్నడు. 'ముందల పోయిండు' అన్న. 'మా గొర్రెపోతు గూడ గంతే' అన్నడు."

చెప్పేటప్పుడు ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, మళ్ళీ ముందే బయలుదేరాను.

కల్వకుర్తి

కల్వకుర్తిలో లాడ్జి గుమాస్తా ఆధార్ కార్డుల మీద పుట్టిన తేదీలు చూసి, కింది గది ఇమ్మని ఎవరికో చెప్పాడు. మెట్లెక్కే బాధ తప్పించిన ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. కానీ పైకి, "పై గదైనా ఫరవాలేదు" అన్నాను. నా తొడలు రాళ్ళలా బిగుసుకున్నాయి. అండాలు వీధి చివర మెస్‌లో జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు తిని హాయిగా పడుకుంది. ఎనభై రూపాయలకు రొట్టెలు కడుపు నిండా పెట్టారు. చార్మినార్ దగ్గర ఆ డబ్బుకు రెండు చాయ్‌లు, రెండు సమోసాలు వస్తాయేమో. పొద్దున, "కాళ్ళెట్ల ఉన్నయి?" అని అడిగింది. "నాకేమైతది?" అన్నాను. ఆ ప్రయాణంలో ఆమెతో నేనాడిన మొదటి అబద్ధం అది.

డిండి, మన్ననూరు

రెండో రోజు ఉదయం డిండి జలాశయం మీద పొగమంచు. నీళ్ళు, ఆకాశం కలిసిపోయి, మధ్యలో ఒక తెప్ప గాల్లో వేలాడుతున్నట్టు కనబడింది. అండాలు సైకిల్ ఆపి చాలాసేపు చూసింది. నేను గడియారం చూశాను.

పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్ళ ఆటో ఒకటి అండాలు పక్కకొచ్చి మెల్లగా నడవసాగింది. ముందున్న నాకు కూడా వాళ్ళ లొల్లి వినబడుతోంది.

"ఓ అక్కా, యాడికి?"

"శ్రీశైలం."

"సైకిల్ మీద్నా? మొగడు కొట్టిండా?"

"లేదు, ముందల పోతుండు సూడు."

"గాయన? గాయన్ని నువ్వు తరుముతున్నవా అక్కా? తరుము, తరుము!"

ఆటో మొత్తం నవ్వింది. ఒకామె వంగి అండాలు ముందు బుట్టలో దోసెడు రేగుపండ్లు పోసింది. మరొకామె, "అక్కా, మా పేరు మీద గూడ మొక్కు" అని అరిచింది. పొద్దుగూకే దాకా చేనులో వంగి పనిచేయాల్సిన వాళ్ళకు ఒక పరాయి ఆడమనిషి సైకిల్ తొక్కడం చూసి అంత సంతోషం ఎందుకు కలిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. మలుపు తిరిగేదాకా వాళ్ళు చేతులు ఊపుతూనే ఉన్నారు.

మన్ననూరులో అడవి మొదలవుతుంది. రాత్రి గేటు వేస్తారు, పొద్దున తీస్తారు. అక్కడే బస చేసి, తెల్లారి గేటు దగ్గర నిలబడ్డాం. గార్డు మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు.

"అమ్మా, లోపల యాడ పడితే ఆడ ఆగొద్దు. ఊర్లల్లనే ఆగాలె."

"పులి కనవడితే ఏం చెయ్యాలె?" అన్నాను, నవ్వుతూనే.

"మీరేం చెయ్యనక్కర్లే బాపూ. చేసేదంత అదే చేస్తది."

అండాలు నవ్వు ఆపుకోలేక హ్యాండిల్ మీద వాలిపోయింది. గార్డు మా వెనక నుంచి వస్తున్న జీపు ఆపి, "పెద్దోళ్ళు సైకిళ్ళ మీద పోతున్నరు, జర కనిపెట్టుకుంట పో" అని డ్రైవర్‌కు అప్పజెప్పాడు. ఆ జీపతను ఫరహాబాద్ గుట్ట ఎక్కేదాకా వెనకాలే, హారన్ కొట్టకుండా వచ్చాడు.

వటవర్లపల్లి

నల్లమలను ఇన్నేళ్ళూ నేను బస్సు చప్పుడుతో కలిపే విన్నాను. ఆ రోజు ఆకుల మీద మంచు రాలే చప్పుడు వినబడింది. కొండముచ్చులు రోడ్డు పక్క గోడ మీద వరసగా కూర్చుని, పంచాయితీ పెద్దల్లా మమ్మల్ని చూశాయి. వటవర్లపల్లిలో ఒక చెంచు ముసలాయన తేనె అమ్ముతున్నాడు. మోదుగాకు మీద ఒక చుక్క వేసి నాకమన్నాడు. ధర చెప్పాడు. నేను అలవాటు కొద్దీ సగానికి అడిగాను. బేగంబజార్‌లో అలా అడగకపోతే దుకాణదారే మనల్ని తక్కువగా చూస్తాడు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "తేనె నేను చెయ్యలే సారు, ఈగలు చేసినయ్. నేనడిగింది చెట్టెక్కిన కూలి. అండ్ల సగం చెట్టే ఎక్కమంటవా?" అన్నాడు.

అండాలు అడిగినంతా ఇచ్చి సీసా తీసుకుంది. నేను ఆ సీసాను నా సంచిలో మోశాను. ఆ మాత్రం పనికొచ్చాను.

లింగాలగట్టు

దోమలపెంట దగ్గర రోడ్డు కృష్ణ లోయలోకి దిగుతుంది. బ్రేకులు పట్టి పట్టి వేళ్ళు తిమ్మిరెక్కాయి. కింద ఆనకట్ట అవతల వంతెన దాటితే లింగాలగట్టు. చేపలు పట్టేవాళ్ళ ఊరు. రోడ్డు పక్కన నూనెలో చేపలు వేగుతున్నాయి. వేపుతున్నావిడ పేరు నూకాలు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వలలతో వచ్చిన కుటుంబం.

"ఏటమ్మా, ఈ ఎండలో కొండెక్కుతారేటి? రెండు ముక్కలు తిని కూకోండి" అంది.

దర్శనమయ్యేదాకా నీచు ముట్టనని అండాలు చెప్పింది. నేను ముట్టాను. ఒక ప్లేటు అయ్యాక ఇంకో ప్లేటు కూడా ముట్టాను. నూకాలు ఒక నిమ్మకాయ రెండు ముక్కలు చేసి అండాలు చేతిలో పెట్టి, "ఇదైనా నాక్కుంటా ఎల్లమ్మా. నోరెండిపోద్ది" అంది.

ఇక మిగిలింది సున్నిపెంట ఘాట్ ఒక్కటే. అన్నిటికంటే కష్టమైందీ అదే. మలుపు తర్వాత మలుపు పైకే లేస్తుంది. నాలుగైదు మలుపులు ఎక్కేసరికి నా కడుపులో చేపలు, తొడల్లో రాళ్ళు. అక్కడ మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. అండాలు కింది మలుపులో పిట్టగోడ మీద కూర్చుని, తల వంచుకుని, నిమ్మచెక్క చప్పరిస్తోంది. సైకిల్ మీద కిందికి జారి ఆమె దగ్గరకు వెళ్ళాను.

"ఏమైంది?"

"ఏం కాలె. కూసున్న."

అప్పుడే కింద లింగాలగట్టులో ఖాళీ చేపల పెట్టెలు దింపేసి పైకి వస్తున్న ట్రాలీ ఆటో కనిపించింది. చెయ్యి ఎత్తాను. ఆగింది.

"మా ఆమెకు శాతనైతలేదు తమ్మీ. జర సున్నిపెంట దాకా ఎక్కించుకుంటవా?"

డ్రైవర్ కర్నూలు వైపు కుర్రాడిలా ఉన్నాడు. గబగబా దిగాడు. "అయ్యో, ఎక్కండి సార్. పెద్దామె ఈ ఎండకి పడిపోతాది" అంటూ ఆమె సైకిల్ ఎత్తి వెనక పెట్టేశాడు.

అండాలు నోరు తెరిచింది. డ్రైవర్ వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది. పరాయివాళ్ళ ముందు ఆమె నా మాట కాదనదు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, డ్రైవర్ వినేలా ఆ మాట అన్నాను. నిమ్మచెక్క గోడ మీద పెట్టి, ఆమె ఆటో వెనక భాగంలో ఎక్కి, సైకిల్ పట్టుకుని కూర్చుంది. నేను నా సైకిల్ కూడా వెనక పెట్టేసి ముందు సీట్లో కూర్చున్నాను. చల్లగాలి తగిలింది. ప్రాణం లేచొచ్చింది. "చార్మినార్ నుంచి సైకిళ్ళ మీదనే వస్తున్నం" అని డ్రైవర్‌తో గొప్పలు చెప్పాను, అతని ఆటోలో కూర్చునే.

సున్నిపెంట

పైన చాయ్ దుకాణం ముందు దింపాడు. బాడుగ తీసుకోనన్నాడు.

"తమ్మీ, మేమెక్కిన కాడికి మస్తు దూరముంటదా?" అని అండాలు అడిగింది.

"అంత ఉండదమ్మా. ఏమైనా పడిపోయిందా? నేను పోయి తెస్తా."

"వద్దు బిడ్డా. నేనే తెచ్చుకోవాలె."

ఆటో వెళ్ళిపోయేదాకా ఆగింది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని సైకిల్ వెనక్కి తిప్పింది.

"ఏడికి?" అన్నాను.

"గా రోడ్డు నేను తొక్కలె. తొక్కి వస్త."

"పిచ్చి లేసిందా? ఎవరు చూసిన్రు? ఎవరికి తెలుస్తది?"

"నాకు తెల్వదా?"

"నీ మంచికే ఆపిన బండి. మొఖం ఎర్రగయ్యింది. కూలవడ్డవని..."

"నేను కూలవడలె. కూసున్న. కూసుంట అని ముందుగాలనే చెప్పిన కద." ఆమె గొంతు పెంచలేదు. "అలిసింది మీరు. ఆ మాట చెప్తే నేనే బండి ఆపి మిమ్ముల ఎక్కిస్తుంటి. ఏమన్న తక్కువైతుండెనా? నా పేరెందుకు చెప్పిన్రు?"

ఆమె దిగువకు వెళ్ళిపోయింది. మెలిక తిరిగి కనబడకుండా పోయింది.

నేను వెంటనే వెనక వెళ్ళలేదు. వెళ్ళానని రాయాలని చాలా ఉంది. కోపంతో, పౌరుషంతో బల్ల మీద కూర్చుని చాయ్ చెప్పాను. "అమ్మగారు ఎటుపోయినారు?" అని దుకాణం ఆయన అడిగితే, "ఏదో పడిపోయిందంట" అన్నాను. చాయ్ మీద మీగడ కట్టింది. లారీలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. ప్రతి హారన్‌కూ తల తిప్పి మలుపు వైపు చూశాను. ఆమె బ్రేకులు పొద్దుటి నుంచీ కీచుమంటున్న సంగతి గుర్తొచ్చింది. చాయ్ వదిలేసి సైకిల్ ఎక్కాను.

సగం ఘాట్ దిగేసరికి ఎదురొస్తూ కనిపించింది. రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు వంకరగా తొక్కుతూ, మెల్లగా వస్తోంది. నన్ను చూసి ఆగలేదు.

"దిగకుర్రి. తిరుగుర్రి" అంది ఆయాసంతో. "నిమ్మచెక్క గోడ మీదనే ఉన్నది. ఇంకో మూలమలుపు కిందికి దిగి వచ్చిన. రేపు అనుమానం రావొద్దు గద."

నేను తిరిగాను. ఈసారి ఆమె వెనక.

వెనక నుంచి చూస్తేగానీ తెలియలేదు. ఆమె ప్రతి మలుపు దగ్గరా దిగింది. గోడ మీద కూర్చుంది. తల వంచి, కళ్ళు మూసుకుని, ఊపిరి సర్దుకుంది. ఒక కుట్టు పూర్తయ్యాక దారం తెంపి, గుడ్డ సవరించి, మళ్ళీ పాదం కింద పెట్టినట్టు, లేచి మళ్ళీ తొక్కింది. నేను ఓటమి అని పేరు పెట్టి ఆటోను ఆపింది దాన్ని చూపించే. ఒక మలుపులో దాదాపు ఆగిపోయింది. ముందు చక్రం వణికింది. "నెట్టనా?" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె రెండు పెడల్స్ మీద లేచి నిలబడి, మొత్తం బరువు వేసి తొక్కింది. చక్రం కదిలింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి అలా లేచి నిలబడడం నేను అంతవరకూ చూడలేదు.

సున్నిపెంటలో వెలుగు తగ్గుతుండగా చేరాం. ఆటో కుర్రాడు అదే దుకాణం దగ్గర ఉన్నాడు. చెమటతో ముద్దయిన అండాలును, నన్ను చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది.

"దొరికిందామ్మా?"

"దొరికింది బిడ్డా."

"సార్, ఈసారి బండి మీకు పెట్టమంటారా?" అన్నాడు నాతో. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"పెట్టుంటే బాగుండేది. అప్పుడు కూడా అలిసింది నేనే తమ్మీ. ఆమె పేరు చెప్పిన" అన్నాను. నవ్వు ఆగింది. అండాలు నా వైపు చూసి, తన చాయ్ గ్లాసు నా ముందుకు జరిపి, ఇంకోటి చెప్పింది.

మరునాడు పొద్దున శ్రీశైలం చేరాం. గుడి ముందు ఆమె సైకిల్ దిగి, స్టాండ్ వేసి, చక్రానికి దండం పెట్టింది. ఆ తర్వాతే దేవుడి దగ్గరకు వెళ్ళింది. తిరిగి వచ్చింది బస్సులో, సైకిళ్ళు పైన కట్టించి. బస్సు ఘాట్ దిగుతుంటే ఆమె నిద్రపోయింది. నేను కిటికీలోంచి ఒక్కో మలుపూ చూస్తూ వచ్చాను.

ఇప్పుడు సబిహా గల్లీలో అందరికీ, "అంకుల్, ఆంటీ ఇద్దరూ సైకిల్ మీద శ్రీశైలం పోయిన్రు" అని చెబుతోంది. పత్తర్‌గట్టి దుకాణాల వాళ్ళు నాతో కూడా చెయ్యి కలుపుతున్నారు. కలిపిన ప్రతిసారీ సరిచేస్తున్నాను. చార్మినార్ నుంచి శ్రీశైలం దాకా అండాలు సైకిల్ మీద వెళ్ళింది. నేను చాలావరకు వెళ్ళాను.